తల్లిదండ్రులతో జర్మనీ రైలు యాత్ర: మూడు రోజులకు ఒకే మకాం

జర్మనీకి వచ్చి కాస్త కుదురుకుని, ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకున్నవారికి తరచుగా వచ్చే సందేహం ఇది: మూడు రోజుల సెలవులో పాత నగరాలను, కోటగోడల మధ్య నిలిచిన చిన్న ఊళ్లను రైల్లోనే చూపించడం ఎలా? రోజుకో నగరం, రాత్రికో హోటల్ అనే పద్ధతిలో పెట్టెలు మోయడంతోనే పెద్దవాళ్ల ఓపిక తీరిపోతుంది. న్యూరెంబర్గ్‌లో మూడు రాత్రులూ ఒకే చోట బస చేసి, ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రావడం మేలు. జర్మనీలో ఆవిరి యంత్రంతో నడిచిన తొలి రైలు 1835 డిసెంబరు 7న ఈ ఊరి నుంచే ఫ్యూర్త్‌కు వెళ్లింది. రైల్వేలో పనిచేసి రిటైరైన నాన్నగారుంటే ఇక్కడి రైల్వే మ్యూజియానికి ఒక పూట కేటాయించవచ్చు.

టికెట్ విషయంలో బయర్న్ టికెట్ ఒక్కటి అర్థం చేసుకుంటే చాలు. ఒకే టికెట్‌పై అయిదుగురి దాకా రోజంతా న్యూరెంబర్గ్ ఉన్న బవేరియా రాష్ట్రంలో తిరగవచ్చు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 గంటల తర్వాతే ఇది చెల్లుతుంది, శని, ఆదివారాల్లో ఆ నిబంధన లేదు. ప్రయాణికులందరి పేర్లూ టికెట్‌పై ఉండాలి, ఐసీఈ, ఐసీ వంటి వేగపు రైళ్లు ఎక్కకూడదు. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్యాసింజర్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్) ఉంటే, ఇద్దరు పెద్దలకు మాత్రమే బయర్న్ టికెట్ తీసుకోండి. వారు నెలల తరబడి ఉండేట్లయితే వారికీ డాయిచ్‌లాండ్ టికెట్ లాభమే, కానీ ఏ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా ఖాతాలోంచి వెళ్లిపోతుంది.

మొదటి రోజు రోతెన్‌బుర్గ్‌కు కేటాయించండి. ఇదే పేరు వినిపించే ఊళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, యాప్‌లో టౌబర్ నది ఒడ్డున ఉన్న రోతెన్‌బుర్గ్‌నే ఎంచుకోండి. అన్స్‌బాఖ్ మీదుగా స్టైనాఖ్ చేరి, అక్కడ చిన్న రైలుకు మారాలి. కోటగోడపై పైకప్పు ఉన్న దారిలో చాలా దూరం నడవవచ్చు. 1945 మార్చిలో బాంబుల వల్ల ఊళ్లో చాలా భాగం దెబ్బతింది. గోడను తిరిగి కట్టడానికి డబ్బు ఇచ్చిన దాతల పేర్లు రాళ్లపై కనిపిస్తాయి, వారిలో జపాన్‌వారూ ఉన్నారు. మన గుళ్లలో మెట్ల మీద దాతల పేర్లు చదువుకుంటూ ఎక్కే పెద్దలకు ఈ గోడ ఇట్టే నచ్చుతుంది. మెట్లు మాత్రం ఇరుకు, వీధులన్నీ రాతిపరుపు. చెప్పులు వద్దు, బూట్లే వేయించండి.

రెండో రోజు బాంబెర్గ్ వెళ్లండి, ప్యాసింజర్ రైల్లో గంటలోపే చేరవచ్చు. న్యూరెంబర్గ్ పాతబస్తీ చాలావరకు యుద్ధం తర్వాత తిరిగి కట్టినది కాగా, బాంబెర్గ్ పెద్దగా దెబ్బ తినకుండా మిగిలింది, 1993లో యునెస్కో జాబితాలో చేరింది. రెగ్నిట్స్ నది మధ్యలో వంతెనపై నిలిచిన పాత పురపాలక భవనం దగ్గర తీరిగ్గా కూర్చోండి. మూడో రోజు ఓపిక ఉంటే ఉల్కాపాతంతో ఏర్పడిన లోయలో గుండ్రటి గోడ మధ్య ఉన్న నోర్డ్‌లింగెన్, లేదంటే న్యూరెంబర్గ్ కోట.

కొన్ని ప్యాసింజర్ రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు మరో ఊరికి పోతాయి. అందుకే మీరెక్కిన పెట్టె ఎక్కడికి వెళ్తుందో తలుపు పక్కనున్న బోర్డుపై చూసుకుని కూర్చోవాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే సరుకులు తెచ్చుకుని, పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకోండి. మాంసం లేదని హోటళ్లలో ఇచ్చే స్పెట్స్‌లే (నూడుల్స్ లాంటి వంటకం) పిండిలో గుడ్డు ఉంటుంది. పెద్దల పాస్‌పోర్టులు వెంట ఉంచుకోవాలి. బయర్న్ టికెట్ మరునాటి తెల్లవారుజామున 3 గంటల వరకు చెల్లుతుంది గానీ, రోతెన్‌బుర్గ్ వంటి చిన్న ఊళ్ల నుంచి చివరి రైలు అంతకు చాలా ముందే వెళ్లిపోతుంది, దాని వేళ ఉదయమే చూసి పెట్టుకోండి.