పాత తుపాకీ చెక్కకు జిగురు నిలవడం లేదు

ప్రశ్న: మా తాతగారి తుపాకీ, మూతి నుంచి మందు కూరే రకం. చేత్తో పట్టుకునే సన్నని మెడ దగ్గర చెక్క పొడవుగా చీలింది. జిగురు పెడితే రెండు వారాల్లో ఊడిపోయింది. ఏం చేయాలి?

జవాబు: ముందు గొట్టంలో మందు లేదని తేల్చుకోండి. ఈ రకం తుపాకులు దశాబ్దాల తరబడి కూరినవి కూరినట్టే ఉండిపోతుంటాయి. అనుమానం ఉంటే మీరు ముట్టుకోకుండా, తెలిసినవారికి చూపించండి.

జిగురు ఊడింది బహుశా నూనె వల్లే. ఇనుప భాగాలకు పూసిన నూనె ఏళ్ల తరబడి మెడలోకి ఇంకి ఉంటుంది. నూనెను కరిగించే ద్రవం అసిటోన్‌లో ముంచిన గుడ్డతో, మరక అంటడం ఆగేదాకా చీలికను తుడవాలి. కిటికీలు తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి. నేనొకసారి రెండు తుడుపులతో సరిపెట్టేశాను, అదే చోట మళ్లీ నోరు తెరిచింది! బాగా ఆరాక, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీని (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) లోతుకు దించి, పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి చుట్టి, రోజంతా కదపకండి.

గరుకు కాగితం మాత్రం వద్దు. పాత మెరుపంతా పోతుంది, చెక్క ఇనుము అంచు కన్నా కిందికి దిగిపోతుంది. చిన్న నొక్కులైతే తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలావరకు పైకి లేస్తాయి.

అతికింది కదా అని పేల్చి చూడకండి.