లక్షణాల స్కోర్లు ఎక్కువగా ఉన్నా రోగనిర్ధారణ తేలనప్పుడు

వ్యక్తిత్వ లక్షణాల స్కోర్లతో మొదలుపెట్టడమే ఈ చిక్కుకు కారణమై ఉంటుంది. తిరుపతిలో మీరు రాస్తున్న కేసు రికార్డులో, ఆ యువకుడికి పీఐడీ-5 అనే వ్యక్తిత్వ లక్షణాల ప్రశ్నావళిపై ప్రతికూల భావావేశం, నిర్లిప్తత ఎక్కువగా వచ్చినా ఏ వ్యక్తిత్వ రుగ్మతో తేలలేదన్నారు. ఆ ప్రశ్నావళిలోని 220 అంశాలు స్వభావం ఎటు మొగ్గిందో చెబుతాయి గాని, రుగ్మత ఉందో లేదో చెప్పవు.

1. ముందుగా వ్యక్తిత్వ పనితీరులో ఇబ్బంది ఎంత తీవ్రమో నిర్ణయించండి. చాలామంది వదిలేసేది ఇదే. తానెవరన్న స్పష్టత, లక్ష్యాల వైపు సాగడం, ఎదుటివారి మనసు గ్రహించడం, సాన్నిహిత్యం నిలుపుకోవడం అనే నాలుగింటిలో కనీసం రెండింట ఇబ్బంది కనిపించి, డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ గ్రంథం) ప్రత్యామ్నాయ నమూనాలోని 0 నుంచి 4 వరకున్న కొలమానంపై మొత్తం స్థాయి 2 లేదా అంతకు మించితేనే ముందుకు వెళ్లాలి. గంగజాతర రద్దీకి దూరంగా ఉంటూనే ఉద్యోగాన్ని, స్నేహాలను చక్కగా నిలుపుకునే వ్యక్తికి నిర్లిప్తత ఉండవచ్చు, రుగ్మత ఉండదు.

పెద్దలను అడిగి నిర్ణయాలు తీసుకోవడం మన ఇళ్లలో సహజం కనుక, దాన్ని లోపంగా లెక్కించకండి.

2. ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ) వాడితే, ఇబ్బంది రెండేళ్లుగా ఉందో లేదో ఇంటివారిని కూడా అడిగి, స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది రాయండి.

3. లక్షణాలను ఆ తర్వాతే జోడించి, మీ పర్యవేక్షకులతో సరిచూసుకోండి.