సునాబెడ–విశాఖ తిరగడానికి చవక ఈవీ: కామెట్ చాలా, టియాగో కావాలా?

ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొనాలని, మీ ఇల్లు ఒడిశాలోని సునాబెడ, నెలకు రెండుసార్లు విశాఖ, బడ్జెట్ తక్కువ అన్నారు. ఈ దారికి ఎంజీ కామెట్ వద్దు. బ్యాటరీ 17.3 యూనిట్లే (కిలోవాట్ అవర్లు), పైగా దారిలోని స్టేషన్లలో త్వరగా నింపే డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ లేదు. దారిలో అయిపోతే గంటల తరబడి పడిగాపులే. సెమిలిగూడ, కోరాపుట్ మధ్య తిరగడానికైతే నిక్షేపంలాంటి బండి.

టాటా టియాగో ఈవీలో 24 యూనిట్ల బ్యాటరీది తీసుకోండి, 19.2 జోలికి పోకండి. చవక ఈవీల పోటీలో ధర తగ్గేది ఎక్కువగా బ్యాటరీలో కోత పెట్టడం వల్లే. ఆ కోత మనకు సాలూరు ఘాటీలో (సాలూరు దాటాక కొండెక్కే రోడ్డులో) తెలుస్తుంది. బ్రోషర్‌లో ఉన్న రేంజ్ వదిలేయండి. హైవే మీద ఏసీతో యూనిట్‌కు 7 కి.మీ. వేసుకోండి. విశాఖ సుమారు 180 కి.మీ., అంటే 25 యూనిట్ల పైచిలుకు. తిరుగు ప్రయాణంలో దాదాపు 750 మీటర్లు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,400 కిలోల బండికి ఆ ఎత్తుకే మూడున్నర యూనిట్లు అదనం. కాబట్టి విజయనగరంలో ఛార్జింగ్ తప్పదు. అందరూ చేసినట్టు 80 శాతం దగ్గర ఆపేసి బయల్దేరితే సాలూరుకు 45 శాతం మిగులుతుంది, సాలూరు నుంచి ఇంటికి 50 దాకా కావాలి. 80 తర్వాత నత్తనడకే అయినా 100 దాకా కూర్చోండి. సాలూరులో 60 లేకపోతే ఘాటీ ఎక్కొద్దు.

దిగేటప్పుడు రీజెన్ (బండి వేగం తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి పంపేది) 3లో పెట్టండి. ఘాటీ దారిలోని సుంకి దగ్గర్లో రాత్రి ఉండి ఛార్జ్ చేసుకుంటే మాత్రం 90 దగ్గర ఆపండి. నిండు బ్యాటరీ రీజెన్ తీసుకోదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

అసలు గొడవంతా ఇంటి వైరింగ్‌తో. 3.3 కిలోవాట్ల ఛార్జర్ రాత్రంతా 14–15 ఆంపియర్లు లాగుతుంది. గీజర్ పాయింట్ అరగంటకు తట్టుకుంటుంది, ఎనిమిది గంటలకు కాదు. మీటర్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు లాగించి, 20 ఆంపియర్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), మంచి కంపెనీ 16 ఆంపియర్ సాకెట్ వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడనే వాడొద్దు. మొదటి రాత్రి అరగంటయ్యాక ప్లగ్ పట్టుకు చూడండి: గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేకపోతే సాకెట్‌లో పట్టు వదులు, మార్చేయాలి.

ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగితే బండిని అనుమానించకండి, ముందు ఎర్త్ చూడండి. మన కొండనేల రాతినేల, ఎండాకాలం తడి ఉండదు. న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య మల్టీమీటర్ పెడితే 3–4 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ గొయ్యి లోతు చేయించి నీళ్లు పోయిస్తూ ఉండాలి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధైతే రాత్రి 11 తర్వాతే ఛార్జింగ్ పెట్టండి. శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కరెంటు) 1–2 కిలోవాట్లే ఉంటే కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్‌కి అర్జీ పెట్టి 5 చేయించుకోండి.

టియాగోది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కాబట్టి వారానికోసారి 100 దాకా నింపాలి, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. 12 శాతం చూపిస్తూనే బండి ఆగిపోవడం చాలావరకు ఇందుకే.

ఖర్చు సంగతి: ఛార్జింగ్ నష్టం కలిపి, యూనిట్ 6 రూపాయలనుకున్నా, కి.మీ.కి రూపాయి లోపే. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఈవీకి 5 అలాగే ఉంది, తేడా తగ్గింది. నెలకు 1,000 కి.మీ. తిరగకపోతే పెట్రోలే నయం. బ్యాటరీ అద్దె పథకంలో ఎవరైనా కారు ఇస్తామంటే, నెలకు కనీసం ఇన్ని కి.మీ.కి కట్టాలన్న షరతు ఉందేమో సంతకానికి ముందే చదవండి.