నలుగురికీ ఒకే వంట.. ప్రొటీన్, పిండిపదార్థాల లెక్క కుదిరేదెలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఇంట్లో నలుగురం ఉంటాం. మావారికి 54 ఏళ్లు, బరువు 78 కిలోలు. కొన్నేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. ఈమధ్య మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. మా అత్తగారికి 72 ఏళ్లు, శాకాహారి. ఆరు నెలల్లో 53 కిలోల నుంచి 50 కిలోలకు తగ్గారు. కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఆనించాల్సి వస్తోంది. ఉదయం టీతో రెండు బ్రెడ్ ముక్కలు, మధ్యాహ్నం పలుచని పప్పుతో అన్నం, రాత్రి కాస్త అన్నం, పెరుగు.. ఆవిడ తినేది ఇంతే. మా అబ్బాయికి 18 ఏళ్లు, 62 కిలోలు ఉంటాడు. జిమ్‌కు వెళ్తూ ప్రొటీన్ పౌడర్ కొనిపెట్టమంటున్నాడు. నాకు 46 ఏళ్లు, 66 కిలోలు, నేనూ శాకాహారినే. బరువు తగ్గాలని మూడు వారాలుగా అన్నం, రొట్టె పూర్తిగా మానేశాను. నీరసం, మలబద్ధకం మొదలయ్యాయి. నలుగురికీ నాలుగు రకాలుగా వండలేకపోతున్నాను. ఒకే వంటతో అందరికీ సరిపోయే దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: నాలుగు రకాల వంటలు అవసరం లేదమ్మా. అందరికీ ఒకే వంట చేసి, ఎవరి కంచంలో ఏది ఎంత వడ్డించాలో తెలుసుకుంటే చాలు. అయితే మీ ఉత్తరం చదివాక అన్నిటికంటే ముందు మీ అత్తగారి గురించి చెప్పాల్సిన అవసరం కనిపించింది. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు శరీర బరువులో 5 శాతానికి మించి తగ్గితే దాన్ని వయసు మీదకు నెట్టేయకూడదు. ఆవిడ తగ్గిన మూడు కిలోలు ఆ హద్దు దాటాయి. కాబట్టి ఆహారం మార్చడంతో సరిపెట్టకుండా ఈ వారంలోనే ఆవిడను డాక్టర్‌కు చూపించి, రక్తహీనత, థైరాయిడ్, షుగర్, కిడ్నీ, కాలేయ పరీక్షలు చేయించండి. నమలడంలోనో మింగడంలోనో ఇబ్బంది ఉందా, ఆకలి మందగించిందా, మనసులో దిగులేమైనా ఉందా అన్నవి కూడా అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్లు ఇలాంటివి తమంతట తాము చెప్పరు.

ఇక ఆవిడ తిండిని లెక్కవేద్దాం. రెండు బ్రెడ్ ముక్కల్లో ప్రొటీన్ సుమారు 5 గ్రాములు, టీలోని పాలలో ఒకటి రెండు గ్రాములు ఉంటుంది. మధ్యాహ్నం 200 గ్రాముల అన్నంలో 5 గ్రాములు, పలుచని పప్పులో మూడు నాలుగు గ్రాములు, రాత్రి 150 గ్రాముల అన్నంలో 4, చిన్న గిన్నెడు పెరుగులో 5 గ్రాములు వేసుకున్నా రోజు మొత్తానికి 25 గ్రాములు దాటడం లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2007 నివేదికలో చెప్పింది. వయసు పైబడినవారి కండరాలు తిన్న ప్రొటీన్‌ను అంత సమర్థంగా వాడుకోలేవు కాబట్టి, కిడ్నీలు బాగున్నంతవరకు వాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఇవ్వమని వృద్ధుల వైద్యంలో సూచిస్తున్నారు. ఆ లెక్కన ఆవిడకు 50 నుంచి 60 గ్రాములు కావాలి. అందుతున్నది అందులో సగం.

ఆ లోటు పూడ్చడానికి ఆవిడ తిండిని రెట్టింపు చేయాల్సిన పని లేదు, ఆవిడ తినలేరు కూడా. ఉదయం టీకి తోడు ఒక గ్లాసు పాలు ఇవ్వండి, 200 మిల్లీలీటర్లలో ఆరేడు గ్రాముల ప్రొటీన్ వస్తుంది. బ్రెడ్ మీద 50 గ్రాముల పనీర్‌ను మెత్తగా నలిపి పెడితే మరో 9 గ్రాములు అందుతుంది. పప్పును చిక్కగా వడ్డిస్తే ఇంకో మూడు నాలుగు, సాయంత్రం గుప్పెడు శనగలు మెత్తగా ఉడికించి పెడితే ఆరు గ్రాముల వరకూ చేరుతుంది. ఇవన్నీ కలిస్తే 50 గ్రాములకు చేరువవుతారు. ప్రొటీన్ అంతా ఒకే పూట పెట్టకుండా మూడు పూటలకూ పంచండి. ఉదయం పూట దాదాపు ఖాళీగా వదిలేసి రాత్రి బాగా పెట్టినా వృద్ధుల కండరాలకు అంత ఉపయోగం ఉండదు. దీనికి తోడు కండరాలకు పని చెప్పాలి. డాక్టర్ సరేనంటే, ఎవరైనా పక్కన ఉండగా, గట్టి కుర్చీలో కూర్చుని లేవడాన్ని రోజూ రెండు మూడు విడతలుగా సాధన చేయించండి. కండరాన్ని వాడకపోతే తిన్న ప్రొటీన్ కండగా మారదు.

పప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శాకాహార వంటింట్లో లెక్క తప్పేది చాలాసార్లు అక్కడే. పొడి కందిపప్పైనా, పెసరపప్పైనా 100 గ్రాములకు 22 నుంచి 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అయితే ఆ అంకె పొడి పప్పుది. వండాక అందులోకి ఎంత నీరు చేరిందన్నదాన్ని బట్టి గిన్నెలో ఉన్న ప్రొటీన్ మారిపోతుంది. చిక్కగా ఉడికిన పప్పు 100 గ్రాములు తింటే 8, 9 గ్రాములు అందుతుంది. అదే పప్పును నీళ్లు పోసి పెంచితే ఆ గరిటెడులో మూడు గ్రాములు కూడా ఉండకపోవచ్చు. పైగా చాలామంది వడ్డించేటప్పుడు పైనున్న తేటనే పోస్తారు, పప్పు అడుగున ఉండిపోతుంది. అడుగు నుంచి కలిపి వడ్డించండి. వండే ముందు పొడి పప్పును తూచుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. పూటకు నలుగురికీ కలిపి 150 గ్రాములు వేస్తే అందులో 35 గ్రాముల ప్రొటీన్ ఉన్నట్టే, ఇక దాన్ని ఎవరికి ఎంత పంచాలన్నది మీ చేతిలో ఉంటుంది. ఉడికిస్తే ప్రొటీన్ పోతుందన్న భయం పెట్టుకోకండి. వేడికి దాని ఆకృతి మారుతుందే తప్ప ప్రొటీన్ ఎక్కడికీ పోదు, జీర్ణమవడం తేలికవుతుంది కూడా. రాజ్మా వండేటప్పుడు మాత్రం నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు బాగా మరిగించి, మెత్తబడేదాకా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెప్పించే పదార్థం మిగిలిపోతుంది.

మరో సంగతి, పప్పు పూర్తిగా ప్రొటీన్ కాదు. 100 గ్రాముల పొడి పప్పులో దాదాపు 60 గ్రాములు పిండిపదార్థాలే. వాటిలో కొంత పీచు కావడంతో షుగర్ అన్నం తిన్నంత వేగంగా పెరగదు, కానీ పెరగదనుకోవడం సరికాదు. మీవారి విషయంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక కప్పు అన్నంలో, అంటే సుమారు 150 గ్రాముల్లో, 40 నుంచి 45 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. మూడు కప్పులు తినే మనిషికి ఒక్క పూటలోనే 130 గ్రాములు పడుతున్నట్టు. అన్నం మాని రొట్టె తింటే షుగర్ అదుపులోకి వస్తుందని చాలామంది నమ్ముతారు. బియ్యంలో 100 గ్రాములకు 78 నుంచి 80 గ్రాముల పిండిపదార్థాలు ఉంటే, గోధుమ పిండిలో 70కి పైగానే ఉంటాయి. ప్రొటీన్, పీచు కొంత ఎక్కువన్న మాట నిజమే గానీ, లెక్క లేకుండా రొట్టెలు తింటే ఫలితం పెద్దగా మారదు. మీవారి కంచంలో సగం ఆకుకూరలు, కూరగాయలతో నింపండి, పావు వంతు చిక్కని పప్పో గుడ్లో చేపో చికెనో పెట్టండి, మిగిలిన పావు వంతులో అన్నమైనా రొట్టయినా సరే. బంగాళాదుంపను ఈ లెక్కలో కూరగాయగా చూడకండి, అది అన్నం వాటాలోకి వస్తుంది. తినేటప్పుడు కూర, పప్పు లేదా గుడ్డు ముందు తిని అన్నం చివర తింటే, అవే పదార్థాలు అంతే మోతాదులో తిన్నా, భోజనం తర్వాత షుగర్ పెరగడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఖర్చు లేని ఈ మార్పును నేను ప్రతి షుగర్ పేషెంటుకూ చెబుతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీవారు వాడే గ్లిమిపిరైడ్, తిండి తగ్గినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మూడు కప్పుల అన్నాన్ని ఒక్కసారిగా ఒక కప్పుకు దించి, మాత్ర మోతాదు అలాగే ఉంచితే షుగర్ 70 కంటే కిందకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. అందుకే అన్నం తగ్గించే ముందే ఆయన డాక్టర్‌తో మాట్లాడండి, మాత్ర మార్చాల్సి రావచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు రాసినట్టయితే పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా మానేసే కీటో పద్ధతి జోలికి వెళ్లొద్దు. షుగర్ రీడింగ్ అంత ఎక్కువగా లేకపోయినా రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు, ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీ జబ్బు మొదలైనట్టు తేలితే, డయాలసిస్ అవసరం లేని దశలో, కిలోకు 0.8 గ్రాముల దగ్గరే ఆపమని కిడ్నీ నిపుణులు చెబుతారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గుతుంది కాబట్టి అదీ చూపించండి. మీరూ మీ అత్తగారూ శాకాహారులు గనుక మీ ఇద్దరికీ ఆ పరీక్ష చేయిస్తే మంచిది.

మీ అబ్బాయికి పౌడర్ అవసరం కనిపించడం లేదు. క్రమం తప్పకుండా బరువులెత్తే కుర్రాడికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే అతనికి 75 నుంచి 100 గ్రాములు సరిపోతుంది. మూడు గుడ్లతో 18, అర లీటరు పాలతో 16, పచ్చిగా తూచిన 150 గ్రాముల ఎముకల్లేని చికెన్‌తో 33, పప్పుతో 9, రోజంతా తినే అన్నం, రొట్టెలతో 20 గ్రాములు కలిపితే 95 దాటుతుంది. చికెన్ లేని రోజున సోయా చంక్స్, పనీర్ ఆ స్థానాన్ని భర్తీ చేస్తాయి. పచ్చసొన పారేయనివ్వకండి, గుడ్డులోని ప్రొటీన్‌లో దాదాపు 40 శాతం అందులోనే ఉంటుంది. పచ్చి గుడ్లు తాగడం అసలే వద్దు. ఉడికించిన గుడ్డులోని ప్రొటీన్ పచ్చి గుడ్డులో కంటే బాగా ఒంటబడుతుంది, సాల్మొనెల్లా క్రిముల భయమూ ఉండదు. జిమ్‌లో చూసి అతనూ అన్నం మానేస్తానంటే ఒప్పుకోకండి. వ్యాయామానికి కావాల్సిన శక్తి, పిండిపదార్థాల నుంచి తయారై కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ నుంచే ఎక్కువగా వస్తుంది. పిండిపదార్థాలు చాలకపోతే, తిన్న ప్రొటీన్‌లో కొంత కండకు బదులు శక్తి కోసమే ఖర్చయిపోతుంది.

చివరగా మీ సంగతి. మీకు నీరసం, మలబద్ధకం రావడంలో ఆశ్చర్యం లేదు. మాంసాహారం తీసుకోని వ్యక్తి ధాన్యాలు మానేస్తే పిండిపదార్థాలతో పాటు ప్రొటీన్ కూడా తగ్గుతుంది. రోజుకు 200 గ్రాముల బియ్యం, గోధుమలు తినేవారికి వాటి నుంచే 15 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. మీకు రోజుకు కావాల్సిన 55 గ్రాముల్లో అది మూడో వంతు. పైగా ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల్లో, ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యాల్లో ఉంటుంది. రెండూ ఒకే పూట తినకపోయినా ఫర్వాలేదు, రోజులో ఎప్పుడో ఒకప్పుడు అందితే చాలు. పీచు కూడా పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలి, ధాన్యాలు మానేశాక ఆ లోటును కూరగాయలతో పూడ్చకపోతే మలబద్ధకం తప్పదు. అన్నం మానేస్తేనే బరువు తగ్గుతామన్న నమ్మకం మీద 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒకరికి పిండిపదార్థాలు, మరొకరికి కొవ్వు తగ్గించిన ఆహారం ఏడాది పాటు తినమని చెప్పి చూస్తే, మొదటి జట్టు సగటున 6 కిలోలు, రెండో జట్టు 5.3 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గంత పెద్దది కాదని తేల్చారు. రెండు జట్లకూ చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు ఎక్కువగా తినమని, వీలైనంతవరకు ఇంట్లో వండుకోమని ఒకేలా చెప్పారన్నది గమనించండి. కాబట్టి రోజుకు 100 నుంచి 120 గ్రాముల ధాన్యం, పచ్చిగా తూచి, రెండు పూటలకు పంచుకుని తినండి. వంట నూనె మీద ఒక కన్ను వేయండి. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి, అర కప్పు అన్నంలో ఉండే కేలరీల కంటే అది ఎక్కువే.

మిగిలిన అన్నం చల్లారాక అందులో కొంత పిండిపదార్థం జీర్ణం కాని రూపంలోకి మారుతుందన్నది నిజమే. ఆ ప్రయోజనం స్వల్పం. దాని కోసం అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే బ్యాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషాన్ని తయారుచేస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు ఆవిర్లు వచ్చేదాకా వేడి చేసి తినండి.

ఒక వారం పాటు పొడి బియ్యం, పిండి, పప్పు తూచి వండండి. ఆ తర్వాత చేతి అంచనా కుదురుతుంది, త్రాసు అవసరం ఉండదు. మీవారు ఆ వారంలో భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగర్ చూసుకుని, కంచంలో ఏం తిన్నారో దాని పక్కనే రాసుకుంటే, మాత్రల మోతాదు నిర్ణయించడానికి డాక్టర్‌కు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలల తర్వాత చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనిపించదు.