జులైలో కాలిఫోర్నియా వదిలి టెక్సాస్ వచ్చాను, ఏ స్టేట్ రెసిడెంట్‌ని?

ఒక్కముక్కలో చెప్పాలంటే, కాలిఫోర్నియాకి మీరు పార్ట్ ఇయర్ రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఏడాదిలో కొంతకాలమే అక్కడి నివాసి. అక్కడ 540ఎన్ఆర్ అనే స్టేట్ ట్యాక్స్ రిటర్న్ ఫారం వెయ్యాలి. టెక్సాస్‌లో జీతం మీద స్టేట్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడ వేసేదేమీ ఉండదు.

మనవాళ్లు ఎవర్ని అడిగినా "183 రోజులు దాటి ఉంటే ఆ స్టేట్ రెసిడెంటే" అంటారు. అది న్యూయార్క్ లాంటి చోట్ల, అదీ అక్కడ మీకు స్థిరంగా ఇల్లుంటే పనికొచ్చే లెక్క. కాలిఫోర్నియా రోజులు మాత్రమే లెక్కపెట్టి వదిలెయ్యదు, మీ సంసారం ఎక్కడుందో చూస్తుంది. మీరు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అపార్ట్‌మెంట్ తీసుకుని, భార్యాపిల్లలు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనే ఉంటే "జులైలోనే వచ్చేశాను" అన్న మాట నిలబడటం కష్టం. లైసెన్సు, ఓటు, కారు రిజిస్ట్రేషన్, పిల్లల బడి, అన్నీ ఒకే వైపు చూపించాలి. పాత లీజు ముగిసిన కాగితం, ప్యాకర్ల బిల్లు దాచుకోండి.

చాలామంది దెబ్బతినేది ఆర్‌ఎస్‌యూల దగ్గర, అంటే కంపెనీ జీతంలో భాగంగా ఇస్తానని మాటిచ్చి కొంతకాలం పనిచేశాక చేతికిచ్చే షేర్ల దగ్గర. షేర్లు అక్టోబరులో టెక్సాస్‌లో ఉండగా చేతికొచ్చినా, గ్రాంట్ ఇచ్చిన (షేర్లు ఇస్తామని రాసిచ్చిన) రోజు నుంచి వెస్ట్ అయ్యేదాకా (అవి మీ సొంతమయ్యేదాకా) కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల వాటాకి అక్కడ పన్ను కట్టాల్సిందే. ఉదాహరణకి ఆ మధ్యలో 500 పనిదినాలుండి, 400 అక్కడ చేస్తే, 80 శాతం వాళ్ల లెక్కలోకే.

ఇంకోటి, హెచ్‌ఆర్‌లో అడ్రస్ ఎప్పుడు మార్చారు? ఆలస్యమైతే డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను వివరాల ఫారంలో) కాలిఫోర్నియా జీతం ఎక్కువ పడుతుంది. రిటర్న్ వెయ్యకముందే సరిచేయించుకోండి.