ఇంటెనుక కట్టె మెట్లు

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలు, కాగితం మీద గీసిన బొమ్మ చూసిన. వంటింటి వెనుక తలుపు దగ్గర సిమెంటు ఇటుకలు పేర్చుకొని దిగుడు నాకు ఎన్నడూ నచ్చలే. కట్టె మెట్లు నా చేతులతోనే చేసుకుంట అంటున్నవ్, మంచిదే. ఆరేడు మెట్ల పని నీతోని అయితది. డాబా మీదికి కూడా ఇట్లనే చేస్తనని చివర్ల రాసినవ్ చూడు, అది మాత్రం వద్దు. పదడుగుల ఎత్తుకు పోవాలంటె నడుమ ఆగే బల్ల కావాలె, దాన్ని మోసే స్తంభాలు కావాలె. దానికి పనోళ్లను పిలువు.

ముందుగాల నీ బొమ్మల కొలత సరిచేద్దాం. గడప కాడ టేపు నిలువుగ పట్టి 42 అంగుళాలు అని రాసినవ్. మెట్లు గడప కిందనే దిగవు గద, అయిదారడుగులు ముందటికి పోయి దిగుతయి. మీ ఇంటెనుక నేల బాయి దిక్కు వాలు. మెట్లు ఎక్కడ నేలను తాకుతయో అక్కడి లోతు కావాలె మనకు. లెవల్ పైపుల నీళ్లు నింపి ఒక కొస గడప కాడ పట్టు, ఇంకో కొస ఆ జాగల పాతిన కర్రకు ఆనించు. నీళ్లు ఆగిన కాడ గీత పెట్టి, గీత నుంచి నేలదాక కొలువు. అందాజగ 47 వస్తదనుకుంటున్న. అక్కడ నేలకంటె రెండంగుళాలు లేచేటట్టు కాంక్రీటు దిమ్మె పోస్తవు కాబట్టి, దిమ్మె పైనుంచి లెక్క 45 అంగుళాలు.

మా తరం పనోళ్లం అంగుళాలు, సూతులల మాట్లాడుతం, అంగుళానికి ఎనిమిది సూతులు. ఈ లెక్క సూతులల సక్కగ తెగదు, నువ్వు మిల్లీమీటర్లల చెయ్యి. 45 అంగుళాలంటె 1143. ఆరు ఎత్తులు చేస్తె ఒక్కొక్కటి 190 దాటుతది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇండ్లకు పెట్టిన హద్దే 190. మీ నాయనమ్మ మోకాళ్లకు అది ఎక్కువ. ఏడు చెయ్యి, ఒక్కొక్కటి 163 వస్తది. ఏడో ఎత్తు ఎక్కితె గడపే గనుక కాలు పెట్టే పలకలు ఆరే.

వెడల్పుకు పాత లెక్క ఒకటి ఉన్నది. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, దానికి కాలు పెట్టే వెడల్పు కలిపితె 600 నుంచి 640 మిల్లీమీటర్ల నడుమ రావాలె. మనిషి నడకల అడుగు దూరం అంతనే. 163కు రెండింతలు 326, వెడల్పు 290 పెడితె 616. కాలికి హాయిగ ఉంటది. ఆరు పలకలకు 1740, అంటె అయిదడుగుల ఎనిమిదంగుళాల పైచిలుకు. లెవల్ పైపు ముందు వేరే జాగల పట్టి ఉంటె, ఇగ ఈ జాగల పట్టి మళ్ల కొలువు.

టేపుతోని ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు కొలుచుకుంట పోతె ప్రతిసారి వెంట్రుకవాసి తేడా చేరి, పై మెట్టుకు వచ్చేసరికి వేలెడు తేడా అయితది. సన్నటి కర్ర మీద 1143 మొత్తం గీసి, దాన్నే ఏడు భాగాలు చేసుకొని ఆ గుర్తుల మీదనే పని చెయ్యి. మెట్లు దిగుతుంటె కండ్లు చూడవు, మొదటి రెండు మెట్లకే కాలు ఎత్తును నేర్చుకుంటది. మూడోది ఒక్క సెంటీమీటరు ఎక్కువ తక్కువున్నా ఒరిగి పడేది అక్కడనే.

కట్టె సంగతికి వస్త. కొత్త టేకు ధర చూసి భయపడ్డవట. వరంగల్‌ల మట్వాడ, గిర్మాజీపేట దిక్కు పాత పెంకుటిండ్లు కూలగొట్టినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు, దర్వాజ చౌకట్లు దొరుకుతయి. అవి చూడు. ఏండ్ల తరబడి ఎండిన కట్టె, ఇగ వంకర పోవాల్సినంత పోయింది. సామిల్లుకు ఏసేముందు అయస్కాంతం పట్టి చూడు, పాత మొలలు లోపల విరిగి ఉంటయి, రంపం పండ్లు పోతయి. పలకల మీద అంచుల తెల్లకట్టె ఉంటె తీసేయించు. టేకయినా చెదలు తెల్లకట్టెను వదలవు. బలమంతా నడుమ ఎర్రగ ఉండే చేవల ఉన్నది. అంతా కలిపి, రెయిలింగు, తరుగుతోని తొమ్మిది సీఎఫ్టీల (ఘనపుటడుగుల) దాక పడుతది.

మీ బాపు ఊర్ల చెల్కల టేకు చెట్టు కొడుదామన్నడట. పట్టా భూమిల చెట్టయినా 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలె, తేవడానికి అటవీశాఖ పర్మిటు కావాలె. అవన్ని తెచ్చుకున్నా చేతికొచ్చేది పచ్చి కట్టె. అంగుళం మందానికి సుమారు ఏడాది నీడల ఆరాలె. నీకు అంగుళంన్నర పలకలు కావాలె. చెట్టును ఉండనీయి. జామాయిలు అగ్గువకు వస్తది గని ఎండకు మెలితిరుగుతది, దాని జోలికి పోకు.

మెట్లను మోసే ఏటవాలు పట్టెలు మూడు కావాలె. రెండంగుళాల మందం, పదంగుళాల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు. మెట్టు ఆకారం కోసినంక అడుగున నాలుగంగుళాలకు పైన గట్టి కట్టె మిగులుతది, అంతకు తక్కువ మిగలనియ్యకు. ముందు ఒకటే కొయ్యి. దాన్ని నిలబెట్టి గడపకు, దిమ్మెకు సరిపోయిందో చూసి, దాన్నే అచ్చుగ పెట్టి మిగతా రెండు గీసుకో. మిషన్ రంపం పళ్లెం గుండ్రంగ ఉంటది, లోపలి మూల అడుగు దాక తెగాలంటె పై మొకం మీద కోత గీత దాటి పోయి ఉంటది. కట్టె చీలుడు ఆ గాటు నుంచే మొదలయితది. అంగుళం ముందటనే ఆపి, చేతిరంపంతోని పూర్తి చేసి, మూల ఉలితోని చెక్కు. టేకు పొట్టు గొంతుకు, కండ్లకు మంచిది కాదు, రుమాలు గట్టిగ కట్టుకో.

ఈ ముక్క రెండుసార్లు చదువు. పట్టె కోసినప్పుడు అన్ని ఎత్తులు 163 ఉంటయి. మీద 38 మిల్లీమీటర్ల పలకలు ఏసినంక నడుమ మెట్ల ఎత్తు మారదు, ఎందుకంటె అన్నీ సమానంగ లేచినయి. కింది మెట్టు మాత్రం 201 అయితది, పైది 125కు పడిపోతది. అందుకే పట్టె అడుగున 38 కోసేస్తరు. నువ్వు పట్టెల కింద ఇనుప షూ పెడతవు, అది ఇంకో 12 లేపుతది. మొత్తం 50 కొయ్యి. అంటె పట్టెల మొదటి మెట్టు ఎత్తు 113 ఉంటది, దాన్ని చూసి తప్పు కోసినమని గాబరా పడకు.

మీ ప్లాటు ఒకప్పటి పొలం, నల్లరేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు పగులుతది. మట్టి మీద నేరుగ దిమ్మె పోస్తె ఏడాదికోసారి ఒరుగుతది. రెండడుగులు తవ్వి, మొరం పొరలు పొరలుగ పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతోని కొట్టు. దాని మీద నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు దిమ్మె పొయ్యి. చుట్టు మొరం ఏటవాలుగ నింపు, లేకుంటె ఆ రెండంగుళాలే ఒక దొంగ మెట్టయి కాలికి తట్టుతది. రామప్ప గుడి కింద ఇసుక పోసిండ్రు, మనం కూడా పోద్దామని మీ బాపు అంటడు. అంత బరువు గుడికి, మన ఆరు పలకలకు పోలిక లేదని చెప్పు.

కట్టె మట్టిని తాకొద్దు. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, అప్పుడు హనుమకొండ కాలనీలు నీళ్లల మునిగినయి. వానకు తడిసి ఆరే కట్టె ఏండ్లకేండ్లు ఉంటది. రెండు కట్టెల నడుమ నీళ్లు ఇరుక్కున్న కాడనే పుచ్చుతది. అందుకే ఒక్కో మెట్టుకు ఒకటే వెడల్పు పలక వద్దు. 140 మిల్లీమీటర్లవి రెండు ఏసి నడుమ 10 సందు విడువు. ముందటికి రెండు మూడు మిల్లీమీటర్ల వాలు ఉండాలె. పైన పట్టెలను గోడకు బిగించేటప్పుడు కూడా కట్టెకు, గోడకు నడుమ మందపు వాషర్లు పెట్టు. ఆ సందు ఉంటె చెదలు మట్టిదారి కట్టుకుంట వచ్చినా కంటికి కనపడుతది. యాంకర్ బోల్టులు ప్లింతు బీముకే (గోడ అడుగున ఉండే కాంక్రీటు పట్టీకే) దిగాలె, పూత ఇటుకల దిగితె పట్టు ఉండదు.

మొలలు కొట్టకు. ఎండకు కట్టె కుంచించుకపోయి మొల తల పైకి తేలుతది, ఉత్త కాళ్లతో తిరిగే ఇల్లు మనది. స్టీలు స్క్రూలు తెచ్చుకో, ముందు సన్నగ బర్మాతోని రంధ్రం చేసి, స్క్రూకు సబ్బు రాసి దింపు. కోసిన ప్రతి కొసకు, ప్రతి మూలకు బిగించే ముందే అవిసె నూనె తాగినంత పట్టించు, నీళ్లు ఎక్కేది ఆ కొసల నుంచే. మీద వార్నిష్ ఏస్తె మొదట్ల మెరుస్తది, రెండెండకాలాలకు పొలుసులు పొలుసులుగ లేస్తది. నూనె అయితె ప్రతి ఏడు మే నెలల ఒక పూట పని. మెకానిక్ షాపు కాలిన ఆయిలు రాయమని ఎవరో ఒకరు చెప్తరు, వినకు. జారుతది, వాసన కొడుతది, బాయి పక్కన మట్టిల ఇంకుతది.

పలకల నడుమ తెరిచిన సందు 125 వస్తది. చిన్నోడు తల పెట్టే వయసుల ఉన్నడు. వెనుక ఒక సన్న పట్టీ కొట్టి 100 లోపలికి తేవాలె. రెయిలింగు కర్రల నడుమ కూడా అంతే. రెయిలింగు ఎత్తు మీటరు ఉండాలె, స్తంభానికి రెండేసి బోల్టులు పట్టెకు ఆరపార పోవాలె. స్క్రూలతోని సరిపెట్టకు, మనిషి తూలినప్పుడు ఆనేది దాని మీదనే.

బతుకమ్మ పండుగ అయినంక మొదలుపెట్టు, సంక్రాంతికి తీరిగ్గ అయిపోతది. నా పెద్ద గునియ (మూలమట్టం), రెండు ఉలులు పంపుత, ఉలులు సాన పట్టే ఉన్నయి. పలకలు ఏసిన నాడే మీ నాయనమ్మ ఎక్కి చూస్తనంటది. రెయిలింగు బోల్టులు బిగించేదాక ఆ తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పెట్టు.

మీ పెద్దబాపు