నది ఒడ్డు శిబిరంలో ఫోన్ల గోల

ప్రశ్న: 20 మంది వ్యాపార యజమానులం నది ఒడ్డునున్న నగరంలో రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టుకుంటున్నాం. కిందటిసారి సగం మంది ఫోన్లలోనే గడిపారు. ఏం చేయాలి?

జవాబు: వెనక పని చూసేవాళ్లకు అధికారం ఇవ్వకుండా వస్తే ఫోన్లు మోగుతూనే ఉంటాయి. తమ బదులు ఎవరు, ఎంత మొత్తం వరకు సొంతంగా నిర్ణయించవచ్చో వారం ముందే రాసిచ్చి, శిబిరానికి ముందే ఒకరోజు పని వాళ్లకే వదిలేసి చూడమనండి. లోటుపాట్లు అప్పుడే బయటపడతాయి.

ఉపన్యాసాలు తగ్గించండి. ఐదుగురు చొప్పున నాలుగు బల్లలు వేసి, ఒక్కొక్కరి సమస్యకు 25 నిమిషాలివ్వండి: చెప్పడానికి 5, ప్రశ్నలకు 10, సలహాలకు 10. ప్రశ్నల వేళ ఎవరైనా సలహా మొదలుపెడితే వెంటనే ఆపండి, లేకపోతే అసలు సమస్య మరుగున పడుతుంది. పోటీదారులు ఒకే బల్ల దగ్గరుంటే లెక్కలెవరూ విప్పరు. నదిలో పడవ షికారుకు వెళ్తే అక్కడ మాత్రం చర్చ వద్దు, ఇంజిన్ హోరులో మాట వినపడదు.